పోల్ మీంచి పోలిక

బర్కత్‌పురల నాలుగో అంతస్తు.
వకుళ మేడం టేబుల్ కింద బోర్ల పడి వైరు సదురుతున్న.
పైన తెర మీద ఏడుగురు మనుషులు,
ఒకరి కిటికీల పొద్దు, ఒకరి కిటికీల చీకటి.
లైను లేక మేడం ఫోన్‌ల డేటాతోని నెట్టుకొస్తున్నది.

మీటింగు ఇంక షురూ కాలే. ముచ్చట నడుస్తున్నది:
మీ ఇంట్ల స్పీడెంత?
సోల్‌ల ఉండేటాయన ఒక అంకె చెప్పిండు.
కొద్దిసేపు ఎవ్వరు మాట్లాడలే.
జర్మనీల ఏదో పాత ఊరామె నవ్వింది,
మాది ఇంకా రాగి తీగనే, మా తాత టెలిఫోన్‌కు ఏసింది.
కెనడాల పొలాల నడుమ ఉండేటామెకు
నెలకింత అని కొలత, దాటితే జుర్మానా.
నైరోబీ పిలగాడు ఏ రోజుకారోజు కొంటడట
పాల ప్యాకెట్ తీరుగ.
మేడం తెలుగుల చెప్పుకుంట పోతున్నది.
నేను స్క్రూ పండ్ల నడుమ పెట్టుకొని ఊ కొడుతున్న.

నెలకెంత కడ్తరో అడుగుండ్రి మేడం, అన్న.
అడిగింది. వాళ్ళ పైసలను రూపాయలు చేసింది.
నేను ఆ రూపాయలను బియ్యం చేసిన.
కెనడామె ఒక్క బిల్లు, మూడు బస్తాల సన్నబియ్యం.
మనది అర బస్తా.
మా హైద్రాబాద్‌ల సస్త, అన్నది మేడం గర్వంగ.
సస్తదే.
మరి ఇయ్యాల ఎందుకు బందయ్యిందో చెప్పలే.

నిన్న రాత్రి చౌరస్తల కరెంటోళ్ళు
వైర్లు కచకచ కోసి పడేసిండ్రు.
నాలుగు కంపెనీలయి, అన్నిటిది ఒక్కటే నలుపు.
ఏది ఎవ్వలదో వాసన చూసి పట్టాలె.
సోల్ అండ్లనే ఉన్నది, కెనడా పొలాలు అండ్లనే,
పావురాల రెట్ట కూడ.
పొద్దుగాల నిచ్చెన మీద కూసొని, ఒళ్ళె మిషన్ పెట్టుకొని
వెంట్రుక కన్న సన్నటి గాజు పోగు
రెండు కొసలు తుడిచి, ఊపిరి బిగవట్టి
ఎదురెదురు పెట్టిన. ఒక్క చిటుకు. అతికింది.
ఆ చిటుకుకు ఏ దేశంల ఎంత కూలో
ఇంతమందిల ఒక్కరు ముచ్చట తియ్యలే.

నేను ఎక్కేది పోలు. వీళ్ళు చేసేది పోలిక.
నడుమ ఒక నిచ్చెన, ఒక సేఫ్టీ బెల్టు.
బెల్టు ఇస్తమన్నరు, పోయిన బోనాలప్పుడు.

పాంప్లెట్లు కూడ నేనే పంచుత.
అన్‌లిమిటెడ్ అని అరచేతంత అక్షరాలు,
పక్కన ఈగ వాలినంత చుక్క.
ఆ చుక్క ఏందని అడిగినోళ్ళు ఇప్పటిదాక ఇద్దరే.
ఒకరు ఈ మేడం,
ఇంకొకరు చిక్కడపల్లిల రిటైరైన లెక్కల సారు.

అడ్డగుట్టల మా ఇంటికి ఫైబర్ లేదు.
గోడకు సందు కొట్టనియ్యడు ఓనరు.
నా ఫోన్‌ల రోజుకు ఒకటిన్నర జీబీ.
పొద్దుగూకంగనే బామ్మర్ది, చిన్నది, మా స్వరూప
ట్యాంకర్ కాడ బిందెలు పట్టినట్టు నా చుట్టు నిలబడ్తరు.
తొమ్మిదింటికి ఒడుస్తది.
తర్వాత బొమ్మ కదలదు, గానుగెద్దు తిరుగుతుంటది.
స్వరూప నేర్సుకునే జాకెట్
ఒక్క చెయ్యి కుట్టినంక ఆగుతది.
పన్నెండు కొట్టంగనే మల్ల వస్తది,
నడిరాత్రి నల్లా వచ్చినట్టు.
కండ్లు నులుముకుంట లేచి
ఆమె రెండో చెయ్యి మొదలువెడ్తది.

టేబుల్ కింద ఎర్రదీపం పచ్చగయ్యింది.
మేడం ముల్లు చూపిచ్చింది, అది సర్రున ఎక్కింది.
ఏడుగురు చప్పట్లు కొట్టిండ్రు,
ముల్లుకో నాకో తెల్వదు.
కెమెర నా దిక్కు తిప్పి, ఈయనే జాంగీర్, అన్నది.
నేను స్క్రూడ్రైవర్ ఊపిన.
సోల్ ఆయన ఏందో అడిగిండు.
మీ ఇంట్ల స్పీడెంతనట, అన్నది మేడం.
పన్నెండు దాటినంక అడగమనుండ్రి, అన్న.
ఆమె ఎట్ల చెప్పిందో ఏమో,
జర ఆలస్యంగ, ఒకరెన్క ఒకరు నవ్విండ్రు.