చీటీ

సైదాపురం అభ్రకం దిబ్బ మీద
ఒక మెరుపు ఇంకో మెరుపును పట్టుకుంది.

ఈగే. కానీ దట్టంగా మీసం.
ముళ్లకాళ్ల మధ్య తేనెటీగను ఇరికించి,
సూది దించి, లోపలంతా నీరుచేసి తాగుతోంది.

"దొంగీగ అంటారు దీన్ని" అన్నాను.
చెంగమ్మ జల్లెడ ఆపింది.
"పట్టపగలు, అందరూ చూస్తా ఉంటే
పట్టుకు తినేదాన్ని దొంగంటారా అబ్బయా?
మా కాంట్రాక్టరును నువ్వు చూళ్లేదు."

మూడేళ్లు. మీసంలో వెంట్రుకలు లెక్కబెట్టి,
రెక్క ఈనెలు గీసి,
ఎవరికీ లేని పేరొకటి లాటిన్లో కుట్టాను:
అభ్రకం మీద కాపు కాసేది, అని.

పెట్టెలో గుండుసూదికి అది.
కింద చీటీలో ఊరు, తేదీ, నా పేరు.
కాళ్ల నడుమ, వదలకుండా,
డొల్లయిన తేనెటీగ.

ఫోటో చూపిస్తే చెంగమ్మ
వేలు కిందికి జరిపింది:
"మరి దీనికి రాసిన చీటీ యాడ?"