నిలవడ్డ కాడికెల్లి

అచ్చంపేట బస్టాండు ఎనక సందుల
ఫ్లెక్సీల వాసన, పెండ్లికార్డుల కట్టల నడుమ
నా కంప్యూటరుల నలభైమూడు పిట్టలున్నయి.

పర్వతాలు సారు తెచ్చిన పని.
మండ్లి ఈదమ్మ నోటితోని పలికిన పిట్టకూతలు
ఫోన్ల ఎక్కించుకొచ్చి
"పుస్తకంల పేరు మీద నొక్కితె కూత ఇనవడాలె" అన్నడు.
మన్ననూరు హాస్టలు పిల్లలకట.
ఆడ నెట్టు రాదు,
నీళ్లట్యాంకి ఎక్కితె ఒక గీత సిగ్నలు.

చేస్త అన్న.
శుభలేఖ కంటె కష్టమా అనుకున్న.

అక్షరం ఎంబడి అక్షరం పేర్చిన,
ఒత్తులు జారకుండ, వట్రుసుడి విరగకుండ.
ఒక్క బ్యాక్‌స్లాష్ మర్చిపోతె
పుస్తకం పుస్తకమే అలిగి పండుకునే పద్ధతి నాది.
పేర్లన్నిటికి నీలం రంగేసిన.
నొక్కితె పలికినయి.
నా దుకాణంల పలికినయి.

మన్ననూరుల పలకలే.
"ఒక్కటి గూడ నోరు తెరుస్తలేదమ్మా" అని సారు ఫోను.

బస్సెక్కిన. హాజీపూరు చౌరస్త దాటినంక
ఎండ చెట్ల మీద పడి పలుచనైంది.
హాస్టలు కంప్యూటరు ముంగట కూసొని చూస్తె
ప్రతి పిట్ట నా డి-డ్రైవును అడుగుతున్నది,
దాంట్ల నా పేరు, దాంట్ల 'కొత్తవి', దాంట్ల 'సారు పని'.
ఈ ఇంట్ల ఆ తలుపే లేదు.
కౌజుపిట్ట మా సందు చిరునామా పట్టుకొని
అడివి అంచుల నిలవడి ఉన్నది.

ఆ దినం ఈదమ్మ ఆడనే ఉండె,
మనుమడు బయ్యన్నకు జొరమొచ్చిందని.
మీ పెంట ఏడుందవ్వా అని ఉత్తగనే అడిగిన.
జిల్లా చెప్పలే, మండలం చెప్పలే.
"నువ్వు నిలవడ్డ కాడికెల్లి ఒర్రె పొంటి పో.
నల్లమద్ది రెండుగ చీలిన కాడ దిగు.
ఇప్పచెట్టు ఎనక పొగ కనవడ్తది."
నేను ఇంకోకాడ నిలవడి ఉంటెనో?
"అప్పుడు ఇంకో తొవ్వ చెప్త గదనే."

ఆ రాత్రి షట్టరు సగం దించి
డి-డ్రైవు చెరిపిన. నా పేరు చెరిపిన.
పుస్తకం ఉన్న కాడికెల్లి
పక్కపొంటి ఫోల్డరు, దాంట్ల కూత.
అంతె, గంతనే తొవ్వ.

అయినా కొన్ని మొండికేసినయి.
'పాల పిట్ట' నడుమ ఖాళీ ఉండె.
లింకు ఆ ఖాళీ కాడ ఆగిపోయి
ఉత్త 'పాల' కోసం ఎతుకుతున్నది.
తెలుగు పేర్లున్నవేమొ
శాతం గుర్తుల ముండ్లకంపల చిక్కినయి.
రెండు గంటలకు చాయి తాగి
అన్నిటికి నంబర్లేసిన.

మల్ల పోయినప్పుడు ఈదమ్మ పకపక నవ్వింది:
"పిట్టలకు గూడ ఆధారు ఇచ్చినవా బిడ్డా?"

ఇప్పుడు నొక్కితె తెర ఒక మాట అడుగుతది.
ఈ ఫైలుతోని ప్రమాదం ఉండొచ్చు, తెరువాల్నా?
బెళవగువ్వతోని ఏం ప్రమాదమొ.
బయ్యన్న తెరువుమన్నడు.
డబ్బాలకెల్లి అవ్వ గువ్వయి పలికింది.
కిటికీ అవతల చింతల కెల్లి
ఇంకోటెవరో బదులిచ్చిండ్రు.

సారుకు ఒక్కటే చెప్పిన.
పెన్‌డ్రైవుల ఏసుకున్నప్పుడు పుస్తకాన్ని ఒక్కదాన్నే తీస్కపోకుండ్రి.
ఫోల్డరు ఫోల్డరే ఎత్తాలె,
సంసారం లేవదీసినట్టు,
పొయ్యిరాళ్లు, కోళ్లగంప, అన్ని ఒక్క బండి మీద.
అట్లయితె ఏ ఊరికి పోయినా తొవ్వ తప్పదు.

ఆ మాటకు ఈదమ్మ చేతులున్న గ్లాసు కింద పెట్టింది.
పులుల కోసం పెంటలు ఖాళీ చెయ్యుమని
కాయితాలొచ్చినయంట.
"అంత మోస్కపోయినా
ఒర్రె ఎంబడి రాదు గదనే" అన్నది.

సారు ఏమనలే. నేను వైరు చుట్టుకుంట కూసున్న.

బయ్యన్న పదిహేడు నొక్కిండు.
ఇని ఆమె తల అడ్డం ఊపింది:
"ఆ దినం నా గొంతు ఎండి ఉండె.
గిట్ల కాదు అది పలికేది. మల్ల చేస్త,
పట్టుకో."