నాలుగొందల పదిహేడో రసీదు

గుంతకల్లు ఎండలో
బొచ్చు కోటు కుట్టించుకునే పిచ్చోళ్ళు లేరు.
అది మెయిలు బండిలో దిగింది,
ఎడ్వినా దొరసాని ట్రంకుపెట్టెలో.
గార్డు దొర పోయినాక, రైల్వే క్వార్టర్సు ఖాళీ చేస్తా
మా న్యూ హుబ్లీ లాండ్రీ బల్ల మీద
పసిబిడ్డను మాదిరి పండబెట్టింది.
"తిప్పన్నా, ఉతకొద్దు. ఉంచు, చాలు."

ఏం జంతువిది?
ముంగిస అన్న్యాడు చిన్నాయన.
కాదు, పునుగుపిల్లి అనె ఇంకొకడు.
అవ్వ చెయ్యి పెట్టి చూసి
"ఏదైతేనేం, ఒకటి గాదు,
అరవై పానాలుంటాయి దీంట్లో" అని
చెయ్యి చీరకు తుడుచుకునె.

ఎంచుకునే విద్య దొరసానే చెప్పిపోయింది.
పెండ్లికి ముందు ఏదో మంచుదేశపు అంగట్లో
ఆమే ఏరి కొనుక్కుందంట.
మెరిసేదాన్ని నమ్మగూడదు.
పెదాలు దగ్గరికి పెట్టి ఊదాల.
పైబొచ్చు పాపిట తీసినట్టు విడిపోయి
లోపల సన్న నూగు, దాని కింద తోలు
తెల్లగా అగపడాల.
ఎదురు దువ్వినా తన దారికి తానే మళ్ళాల.
మడిచి చెవికాడ పెట్టుకుంటే
ఎండుటాకు సప్పుడు రాగూడదు.
"సప్పుడొస్తే అది చచ్చినట్టే" అనింది.
అది ఎప్పుడో చచ్చింది గదమ్మా అని
మా నాయిన అనలే. రసీదు రాసినాడు.

చౌడు, బాన, రేవుబండ, బొగ్గుల ఇస్త్రీపెట్టె,
మా ఇంట్లోని ఒక్క పనిముట్టూ దానికి పనికిరాలే.
నీళ్ళు తగలగూడదు, ఎండ పడగూడదు,
అత్తరు వాసన గూడ సోకగూడదు.
ఇరవై ఏండ్లు బండకేసి బాదిన చేతులు
ఏమీ చెయ్యకుండా ఉండడం నేర్చుకోవాల్సొచ్చె.
భుజాలంత వెడల్పున చెక్క హ్యాంగరు చెక్కించి,
పాత పంచె ముసుగేసి,
చీకటి మూలన, గోడకు తగలకుండా.

ఎండాకాలమే చిక్కు.
మొదటి ఏడు ఖాసిం సాబును బతిమాలి
ఐసు ఫ్యాక్టరీలో పెడితే తోలు చెమ్మగిల్లె.
రెండో ఏడు అవ్వకే తట్టె:
ఉరవకొండ పక్క మా పల్లెలో
జొన్నలు లేక నోరు తెరుచుకున్న పాతర.
ముందు లాంతరు దించి
అది ఆరకుంటేనే మనిషి దిగాల.
ఉగాది దాటినాక కోటు లోపలికి,
మృగశిర కార్తె వస్తే బయటికి.
"కరువులో గూడ మన పాతర ఖాళీ లేదు పో"
అని నగుతాండె అవ్వ.

చాకలోని సోకు ఊరోళ్ళది అంటారు.
ఆ మాట పడగూడదనే
ఒకరి తువ్వాలతో మొగం గూడ తుడుచుకోలే మా నాయిన.
ఒక్క రాత్రి తప్ప.

తుపాను ముసురు. అమ్మకు చలిజరం.
గొంగళ్ళు రెండూ కప్పినా
పండ్లు టకటకా కొట్టుకుంటాండాయి.
ఆయప్ప రసీదు దిక్కు ఒకతూరి చూసి
ముసుగు తీసినాడు.
అమ్మ బొచ్చులో మునిగి
పేరు తెలియని మృగం పిల్ల మాదిరి
నిద్రపోయె.

తెల్లారి నీడలో ఆరబెట్టి,
అరచేత్తో ఒకే దిక్కుకు నిమిరి,
రసీదు వెనక పెన్సిలుతో రాసినాడు:
"ఒక రాత్రి మేము వాడుకున్నాము.
రెండు రూపాయలు తగ్గించుకోవలెను."
దాని కింద, ఇంకో ఏడు, ఇంకో పెన్సిలు:
"ఎడమ చేతి అంచున పురుగు కొట్టినది. తప్పు మాదే."

దొరసాని రాలే. మూడు జాబులు తిరిగొచ్చె.
నాయిన పోయి పదకొండేండ్లు.
పాతర పూడ్చి ఎవరో శనక్కాయల షెడ్డు ఏసినారు.
కోటు ఇప్పుడు నా బీరువాలో,
రసీదు దాని జేబులో.

ఏటా ఒకతూరి తలుపేసుకుని ఊదుతా.
పాపిట ఇంకా విడిపోతాంది.
తోలు తెల్లగా లేదు,
రసీదు రంగుకొచ్చింది.

మడిచి చెవికాడ మాత్రం
పెట్టుకోను.