కరెంటు పోయిన ఎపిసోడ్లు

'తొమ్మిదో కక్ష్య' సినిమాగ వచ్చింది.
హన్మకొండల, మార్నింగ్ షో,
రెండో వరుస నిండ కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లలం.
పిల్లలమంటే, ఒకనికి స్టెంటు పడ్డది,
ఒకామె బిడ్డ ఇంటర్ చదువుతున్నది.

పదకొండేండ్లు నడిచింది ఆ సీరియల్.
ఆదివారం పొద్దుగాల, ఇన్‌స్టిట్యూట్ హాల్ల
చెక్కపెట్టెల టీవీ.
దాని తాళంచెయ్యి గార్డు ఇన్నారెడ్డి సారు జేబుల,
విజిల్ పక్కన.
నోరు ఒక మాటకు కదిలేది,
తెలుగు ఇంకో మాటకు వచ్చేది.
చుక్కల నడుమ నౌక పోతుంటే
బయట గూడ్సు పోయేది.
ఏ చప్పుడు దేనిదో నాకిప్పటికీ తెల్వదు.

సరిగ్గ శత్రువుల తలుపు తెరుసుకునేటప్పుడు
కరెంటు పోయేది.
తెర నడుమ చుక్క ఒకటి
సన్నగై, ఇంకింత సన్నగై, ఆరేది.

అప్పుడు క్యాంటీన్ యాకమ్మ
కూసున్నకాడికెళ్ళే "ఇగ ఇనుండ్రి" అనేది.

ఆమె నౌకల బొగ్గు అయిపొయ్యేది.
కెప్టెన్ వేరా కొంగు నడుముకు చెక్కి పార పట్టేది.
చంద్రునికాడ ఆగి నీళ్ళు పట్టుకునేటోళ్ళు.
ఆకుపచ్చ నెత్తురు రాజు
డబుల్ డ్యూటీ చేసి చేసి
కొట్లాట నడుమల్నే కునుకు తీసేటోడు.
ఆమె చెప్తే ఎవ్వలూ ఉత్తగ సావలే.
తెల్లారి వారం టీవీ వేరే తీర్గ చూపెడితే
టీవీదే తప్పన్నం.

ఆఖరి ఆదివారం
నౌక నల్లటి సొరంగంల దూరింది.
సశేషం అని పడ్డది.
మళ్ళా వారం అదే టైముకు
బట్టల సబ్బుల పోటీ వచ్చింది.

పందొమ్మిదేండ్లు ఆ సొరంగంల్నే ఉన్నం.
హాలు కూలగొట్టిండ్రు.
ఇన్నారెడ్డి సారును విజిల్‌తోనే బొంద పెట్టిండ్రు.

సినిమాల ఆ సొరంగాన్ని
మూడు నిమిషాల్ల దాటిచ్చిండ్రు.
వేరా ముసల్ది, కుర్సీల కూసున్నది.
ఎవరో కొత్త పిల్ల నడుపుతున్నది.
చుక్కలు వచ్చి ఒళ్ళె పడుతున్నయి, సీట్లు అదురుతున్నయి.
నోరూ మాటా కలిసినయి.
నాకు అదే ఎట్లనో అయింది.

వరుస చివర యాకమ్మ
ఏసీని తిట్టుకుంట, మోకాళ్ళ మీద శాలువ గుంజుకుంట,
"బొగ్గెక్కడ పోసుకున్నరే వీళ్ళు? అడుగు బిడ్డా."
ఎవర్నడగాలె?

కొత్త పిల్ల మీట నొక్కబోయింది.
టప్పున పోయింది కరెంటు.
తెర, ఏసీ, మెట్లకాడి ఎర్ర లైట్లు సుత.
వెనుక పోరగాళ్ళ ఈలలు.
జనరేటర్, జనరేటర్ అని ఎవడో ఒర్లుతున్నడు.
మా వరుసల ఎవ్వలం మాట్లాడలే.
తలకాయలన్నీ ఒక్కదిక్కే తిరిగినయి.

ఆమె దగ్గింది.
వక్కపలుకు ఒక చెంపకు నూకింది.
ముందు వరుస పిల్లగాడు
ఫోను లైటు ఆమె మొఖం మీద కొట్టిండు.

"బంద్ చెయ్ కొడుకా," అన్నది,
"బాయిలర్ల నిప్పు కనవడ్తలేదు."