నడక సాధకం

టవర్ క్లాక్ కాడ చేరేది నలుగురం.
గడియారాన్ని నమ్మం మేము,
పాల వ్యాను వచ్చిందంటే నాలుగైనట్టు.
కుళ్ళాయమ్మ, హుసేన్‌బీ, నేను,
లెక్కలు రాసే సుభద్రక్క.
అందరికీ బళ్ళో వంట పనే.
గరిట తిప్పిన చేతులకు బలముండాది,
కాళ్ళే,
పొయ్యి ముందర నిలబడి నిలబడి
నిలబడేది తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు.

ఇంక ఇరవై దినాలకు కర్నూలికి పోవల్ల, నడిచి.
పామిడి, గుత్తి, ప్యాపిలి, డోన్, వెల్దుర్తి.
నోటితో చెప్తే బస్సు కండక్టరు కేక మాదిరి ఉంటాది,
కాళ్ళకు చెప్పి చూడు.

మొదటి దినం సప్తగిరి సర్కిల్ దాటలేదు.
కుళ్ళాయమ్మ పిక్క పట్టుకోని డివైడర్ మీద కూలబడింది.
"ఏం మే, ఇదేనా నీ కర్నూలు" అని నగినాం.
నగినందుకు నాకు పక్కలో పోటు.

రెండో వారం రుద్రంపేట బైపాసు దాకా,
మళ్ళా తిరిగి గుత్తి రోడ్డు కొస దాకా.
సంచిలో మూడు కిలోల బియ్యం, రెండు లీటర్ల నీళ్ళు.
"బియ్యం బడివి కావు, మా ఇంటివే, అదీ రాసుకుంటి"
అనింది సుభద్రక్క, ఎవరూ అడక్కముందే.

తారు మన్నిస్తాది, సిమెంటు మన్నించదు.
ఇది నా మోకాలు చెప్పిన మాట.
ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండ్లు, జనరేటర్లు,
దుప్పటి కప్పుకోని పండుకున్న మనుషులు.
వాళ్ళ నిద్ర చెదరకుండా
మునివేళ్ళ మీద దాటిపోవడమూ సాధకమే.
కుక్కల సంగతి హుసేన్‌బీ చూసుకుంటాది.
ఒక్క చూపు. అంతే,
అవి మనసు మార్చుకుంటాయి.

చెప్పులు కుట్టే ఓబులేసు
నాది తిప్పి చూసి అన్నాడు:
"ఎడమ పక్క అరిగింది. యాడికి పోతాన్నా నువ్వు
సగం ఇంటి పక్కకే వాలుతాండావమ్మా."
కొత్తవి కొనొద్దన్నాడు, దారిలో చంపుతాయంట.
టైరు ముక్క వేసి కుట్టిచ్చినాడు.
దుడ్లు తిరిగొచ్చినాక ఇయ్యమన్నాడు.

అసలు కష్టం కాళ్ళు గాదు.
మొగోనికి ఏ ఊర్లోనైనా ఒక గోడ ఉంటాది.
ఆడది నీళ్ళు తాగే ముందు ఊరంతా తలుచుకోవల్ల.
అందుకే బంకులు పరీక్ష చేసినాం:
యా బంకులో అడిగితే తాళం ఇస్తారు,
యా బంకులో "స్టాఫ్‌కే" అంటారు,
యా బంకులో తాళం ఇచ్చి నీళ్ళు రాలేదంటారు.
అన్నీ సుభద్రక్క నోటుబుక్కులో ఉండాయి.
మూడు బంకులు, ఒక నర్సింగ్ హోము, ఒక చర్చి.
తాళంచెవి ఇచ్చి తల తిప్పుకున్న ఆ పిల్లోనికి
కడుపు చల్లగా ఉండల్ల.

"కాలుగాలిన పిల్లి మాదిరి ఏందా తిరుగుడు"
అనింది మా అత్త.
బిల్లు రాక తొమ్మిది నెలలు.
కోడిగుడ్లు ఇంక అప్పియ్యను అన్నాడు అంగడాయప్ప,
అదీ పిల్లోల్ల ముందర.
అరికాలి మంట నెత్తికెక్కిందంటారు గదా,
మాది తలకిందులు.
నెత్తిన ఉన్న మంట దినానికింత అరికాలికి దిగింది.
ఆడ బొబ్బయింది.
బొబ్బ చితికింది.
చితికిన తావులో చర్మం గట్టిపడింది,
పిన్నీసుతో గుచ్చి చూసినా, తెలీలేదు.
ఆఫీసు మెట్లెక్కే పొద్దుకు
ఆ చర్మమే కావాల నాకు.

ఎనిమిదికంతా మళ్ళా పొయ్యి ముందరే.
ఇప్పుడు కాళ్ళు ఊరికే నిలబడవు,
చారు మరిగేలోపల మడమలెత్తి దించుతాంటాయి.
వరుసలో ముందున్న పిల్లోడు అడుగుతాడు:
"ఆయమ్మా, ఈపొద్దు ఎన్ని కిలోమీటర్లు?"
పదునాలుగు అంటి.
ప్లేటు పట్టుకోని పదునాలుగు సార్లు ఎగిరినాడు.
ఈపొద్దు గుడ్డు లేదురా అంటి.
ఒక్క గడియ ఆగి
పదహైదోసారి ఎగిరినాడు.