గుడ్ల బండికి గొంతు

పదకొండేళ్లుగా నా పికప్ నెత్తిన
ఒకే ఒక్క రేకు బూర.
గుడ్లమ్మా గుడ్లు! అట్టకి ముప్పై, పదిహేను రియాలు!
పగిలితే మార్చిస్తాను!
రికార్డు చేసిన రోజు నాకు పడిశం.
ఒంట్లోది మూడ్రోజుల్లో పోయింది,
బూరలోది ఇంకా తగ్గలేదు.

మా అక్క కొడుకు ఎదిల్సన్ అన్నాడూ:
"పిన్నీ, నీ బండికి గొంతు లేదు.
ముక్కు మాత్రమే ఉంది."

వాడికి సముద్రం పక్క ఉప్పుమడుల్లో పని.
ఎంత తోమినా గోళ్ల సందుల్లో తెల్లటి గీత.
రాగికి ఉప్పు పగ అని
ప్రతి తీగ కొసకీ తగరం పూసి, గొట్టం తొడిగి,
సెగ చూపించి బిగించేవాడు,
చంటిపిల్లకి మేజోళ్లు వేసినట్టు.

వడ్రంగి తిబుర్సియో పెన్సిలు చెవిలోంచి తీసి
"ఊఫరు పెట్టె చేయడమంటే చెక్క కోయడం కాదమ్మా,
గాలిని కొలవడం" అన్నాడు.
ఒక్కో పెట్టెకి అరవై లీటర్లు.
లీటర్లన్న మాట గోడవతల వినబడి
జులెయిదె బిందె పట్టుకుని వచ్చింది.
ట్యాంకరు రాక అప్పటికి తొమ్మిదో రోజు.
గాలే అని చెప్పాక కూడా
కాసేపు అక్కడే నిలబడింది.

అతుకుల వెంట కొవ్వొత్తి తిప్పాడు ఎదిల్సన్.
మంట తల ఊపిన చోటల్లా జిగురు.
మళ్లీ తిప్పాడు.
మళ్లీ ఊపింది.
ఆ రాత్రి వాడు అన్నం తినలేదు.

గడగడలాడేవన్నీ వెతికాడు:
నంబరు పలక, అద్దం గాడి, జాకీ, నా చిల్లర డబ్బా.
తలుపు లోపల తారు అట్ట అతికించబోతే
రెండేళ్ల కింద పోయిన నా దువ్వెన దొరికింది,
ఇంకా రెండు నల్లటి వెంట్రుకలతో.

రెండో బ్యాటరీకి డబ్బు నేనిచ్చాను.
ఎందుకిచ్చావని అడక్కండి.

"మరి గుడ్లో?" అన్నాను.
"ముందు సీట్లో. బెల్టు పెట్టి."

శనివారం, రాత్రి పదకొండున్నర.
ఫ్యూజు పెట్టాడు, మీట నొక్కాడు,
ఆంప్లిఫయరు మీద నీలం చుక్క వెలిగింది.
పాటలున్న పెన్‌డ్రైవు
ఉప్పుమడి దగ్గర చొక్కా జేబులో ఉండిపోయిందని
అప్పుడు గుర్తొచ్చింది వాడికి.
బండిలో ఉన్నది నాదొక్కటే.

నా పడిశం ఉరిమింది.

గుడ్లమ్మా గుడ్లు! అని భూమిలోంచి వచ్చింది.
రేకుల కప్పులు పళ్లు కొరికాయి.
కుక్కలు మొరగడం మానేసి కూర్చున్నాయి.
నా మోకాళ్లలో నా మాటే నాకు వినబడింది,
పగిలితే మార్చిస్తాను,
ఏదో పెద్ద మనిషి ఇచ్చిన హామీ లాగ.

వీధి వీధంతా లేచింది.
ఇప్పుడు తిట్లు, తరవాత పోలీసులు అనుకున్నాను.
ముందుగా లుంగీ లాంటి తువ్వాలులో తిబుర్సియో,
చేతిలో నలిగిన నోట్లు:
"ఉన్నాయా?"
వెనక జులెయిదె, అదే బిందెతో,
దాంట్లో పెట్టుకుపోతానంది.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు,
పెద్దదైనా పరవాలేదు కాబోలు.

పద్నాలుగు అట్టలు పోయాయి.
ఆఖరి అట్టలో టార్చి వేసి చూశాం:
ఒక్కటి, వెంట్రుకవాసి చీలిక.
ఎదిల్సన్ తప్పుచేసిన వాడిలా నిలబడ్డాడు.
దాన్నే పెనం మీద కొట్టి
చెరి సగం తిన్నాం, రాత్రి ఒంటిగంటకి.

రోజంతా ఉప్పు తోడే పిల్లాడు,
గుడ్డు మీదికి ఎంత చల్లాలో
ఇప్పటికీ తెలీదు.