ఏమీ జరగలేదు

డిపోలో షిఫ్టు చివర నింపే కాగితంలో
'విశేషాలు' అని ఒక గడి.
ఇరవై రెండేళ్లుగా అందులో
అడ్డంగా ఒక గీత గీసి ఇంటికెళ్తున్నాను.

ఫిన్లాండులో, మా కయాని ఊళ్లో
నవంబరులో మూడు దాటితే చాలు
పొద్దు మూటా ముల్లె సర్దేస్తుంది.
మంచు ఇంకా పడదు. పడితే కాస్త తెలుపైనా ఉండును.
తడి రోడ్డు, తడి అడవి, తడి కోట్లు,
అన్నిటిదీ ఒకటే నలుపు.
దాన్ని చీల్చుకుంటూ బస్సు నడపడం నా ఉద్యోగం.

కింది వాటాలో తౌనో ఉంటాడు.
రంపపు మిల్లులో ముప్పై ఆరేళ్లు చేసి దిగిపోయాడు.
ఇప్పటికీ సాయంత్రం సైరన్ వినపడితే
చేతులు ముందుకు చాచి లెక్కపెట్టుకుంటాడు.
తొమ్మిది.
"పదోది ఏదీ?" అని మెట్ల మీది పిల్లలడుగుతారు.
"ఒక్క నిమిషానికి అమ్మేశాను" అంటాడు.
"రంపం ఆపి, చెక్క తీసి, మళ్లీ నడపడానికి పట్టే నిమిషం.
మిగుల్చుకుందామనుకున్నాను."
మిగిలిన నిమిషంతో ఏం చేశావని
వాళ్లు అడగరు. నేనూ అడగలేదు.

అతని కిటికీలో
కొవ్వొత్తికీ కర్టెనుకూ మధ్య మూరెడు దూరం.
ఆవిరి గది పొయ్యి పైన తువ్వాలు ఆరేస్తే
ఆరేసింది దేవుడైనా సరే, తిట్లు తప్పవు.
నెలనెలా మొదటి సోమవారం
పైకప్పు పొగ గంటకు చీపురు కర్రతో ఒక పోటు.
అది కీచుమంటే "బతికే ఉన్నావుటే ముసలిదానా" అని పలకరింపు.
మెట్లు గడ్డకట్టకముందే
విత్తులు జల్లినట్టు గులకపొడి జల్లుతాడు.
ఏదీ మొలవకపోవడమే ఆ పంట.

ఇక రిఫ్లెక్టర్లు.
చేప, నక్షత్రం, గుడ్లగూబ, అరచేతిలో ఇమిడే బిళ్లలు.
కనపడ్డ ప్రతి కోటుకూ పిన్నుతో గుచ్చి
మోకాలి ఎత్తున ఊగేలా దారం వదులుతాడు.
"దీపం కింద చూస్తుంది, ముఖాలు చూడదు" అంటాడు.
నాకూ ఒక గుడ్లగూబ ఇచ్చాడు.
బస్సు నడిపేదాన్ని, నాకెందుకని
సంచిలో పడేశాను, నాణేల కింద.

మొన్న గురువారం, అయిదూ పదికి,
మిల్లు మలుపులో వాన.
నలుపులో నలుపు.
అందులో ఒక మెరుపు, మిణుగురంత,
మోకాలి ఎత్తున, అటూ ఇటూ.
నాకు అర్థమయ్యేలోపే కాలికి అర్థమైంది.
వెనకెవరివో బంగాళాదుంపలు
డ్రైవరు సీటు దాకా దొర్లుకుంటూ వచ్చాయి.

రోడ్డు మధ్య ఎల్మెరి, మూడో తరగతి,
వంగి
పడిపోయిన చేతితొడుగు తీసుకుంటున్నాడు.
తీసుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే దూర్చుకున్నాడు.
అయిదూ.
నాకు చెయ్యూపి వెళ్లిపోయాడు.
కోటు అంచున నక్షత్రం ఊగుతూనే ఉంది.
దానికి సొంత వెలుగంటూ లేదు,
నా దీపాన్నే నాకు తిప్పి ఇచ్చింది.

డిపోలో కలం పట్టుకుని కూర్చున్నాను.
ఎక్కడా గీత పడలేదు, అద్దం పగల్లేదు,
ఎవరి తల్లికీ ఫోను చేయాల్సిన పని లేదు.
విశేషాలు?
గీతే గీశాను.
కొస దగ్గర కాస్త వంకరపోయింది.

తౌనో తలుపు కొట్టాను.
"ఏం జరిగింది?"
"ఏమీ జరగలేదు" అన్నాను,
గొంతు మాత్రం నా మాట వినలేదు.

అతను నా ముఖం చూడలేదు.
నా కోటు అంచు చూశాడు, ఈ వైపు, ఆ వైపు.
"నీ గుడ్లగూబ ఏదీ?"

అక్కడే గుమ్మంలో
సంచి మొత్తం నేల మీద గుమ్మరించాను.